ఒడిబియ్యం నాటి మౌనవ్రతం

మన దగ్గర మనిషి కనబడగానే ముందు తూకం వేస్తారు. నమస్తే తర్వాతి సంగతి. "ఏందే, గిట్ల బక్కగైనవ్?" అనో, "జర దొడ్డుగైనట్టున్నవ్?" అనో మొదలుపెట్టి, ఆ సంగతి తేలాకే కుర్చీ చూపిస్తారు. దీని మీద నాకు చాలా కోపం ఉంది. కోపగించుకునే హక్కు కూడా ఉంది. నేను వరంగల్ మార్కెట్లో దడ్వాయిగా పనిచేసినవాణ్ణి. పత్తి, మిర్చి బస్తాలను కాంటా మీదికెక్కించి తూకం పలకడం మా పని. దానికి లైసెన్సు ఉంటుంది. రైతు తెచ్చి ముందు పెడితేనే బస్తాను ముట్టుకునేవాళ్లం. రోడ్డున పోయే బండిని ఆపి "నీ మిర్చి ఇంతుంటది పో" అని అరిచే దడ్వాయి ఎవడైనా ఉంటే వాణ్ణి మార్కెట్లో నిలవనిచ్చేవాళ్లు కాదు. మా చుట్టాలకు లైసెన్సు లేదు, కాంటా లేదు, తూచమని అడిగినవాళ్లు అసలే లేరు. అయినా గుమ్మంలోంచే తూకం చెబుతారు.

బడి నాకు మూడో తరగతితో సరి. ఆ తర్వాత చదివిందంతా మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితాల్లోనూ, హనుమకొండ లైబ్రరీలో బెంచీ మీదనూ. అందుకని రాతలో వరస తప్పితే సర్దుకోండి. జ్ఞాపకం మాత్రం తప్పదు. ఏ పెళ్లిలో ఎవరు ఏమన్నారో, ఏ బంతిలో ఎవరు ఎన్నిసార్లు వడ్డించుకున్నారో అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మా వాళ్లకు నేనంటే కాస్త భయం ఉన్నది ఇందుకే.

మా అమ్మ కాలంలో "పిల్ల ఒళ్లు చేసింది" అంటే శుభవార్త. పక్కింటివాళ్లు కూడా సంతోషపడేవాళ్లు. ఆ మాట ఎప్పుడు తిట్టుగా మారిందో నాకు సరిగ్గా తెలియదు గానీ, ఆడవాళ్లకు మాత్రమే మారిందని తెలుసు. నా భార్య తమ్ముడు, అంటే మా బామ్మర్ది, ఒక పెళ్లిలో పందెం కట్టి బక్కెట్టెడు పోలెలు తిన్నాడు. పప్పూ బెల్లం పూర్ణం పెట్టి చేసే భక్ష్యాలనే మేము పోలెలంటాం. తిన్నాక లేవలేకపోతే నలుగురం మోసుకెళ్లి ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టాం. జనం చప్పట్లు కొట్టారు. పెళ్లికొడుకు మేనమామ భుజాన తువ్వాల కప్పి సన్మానం కూడా చేశాడు. మా బామ్మర్ది పొట్టను ఈనాటికీ పెద్దమనిషి కళ అంటారు. అదే బంతిలో ఒక ఆడపిల్ల రెండోసారి అన్నం అడిగితే ఎన్ని కనుబొమ్మలు లేచాయో కూడా నాకు గుర్తే.

మా బిడ్డ హనుమకొండ సుబేదారిలో ఉంటుంది. ఆఫీసు ఉద్యోగం. అల్లుడు నెమ్మదైన మనిషి, ఒక కొడుకు. మా బిడ్డ లావుగా ఉంటుంది. ఎత్తుగా ఉంటే ఆ మాట ఎలా రాసేవాణ్ణో ఇదీ అలాగే రాస్తున్నాను, ఇందులో దాచడానికేం లేదు. నలుగురిలో కూర్చుంటే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది. "పిట్ట గూడ ఇంతకంటె ఎక్కువ తింటది. గాలి తిన్నా లావైతాంది నా బిడ్డ" అని మా ఇంటావిడ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేది. వాళ్లు ఊరుకుంటారా? ఒకరు ఉలవల నీళ్లన్నారు. ఒకరు జీలకర్ర నీళ్లు. ఇంకొకరు మెంతులు, మరొకరు బెండకాయ నిలువుగా చీల్చి రాత్రంతా నానేసిన నీళ్లు. ఈ లోకంలో నీళ్లలో నానబెట్టడానికి వీలైన వస్తువులన్నీ మా బిడ్డ తాగింది. తాగి, ప్రతివాళ్లకూ ఫోన్ చేసి మంచిగున్నదని చెప్పేది. మర్యాద తెలిసిన పిల్ల.

మా ఇంటావిడ తీరు ఇంకో రకం. పొద్దున్నే "జర తగ్గించుకో బిడ్డా, మోకాళ్లు పోతయి" అనేది. మధ్యాహ్నం అదే మనిషి గరిటె పట్టుకుని నెత్తి మీద నిలబడి "ఏం తిన్నవని లేస్తానవ్? ఇంకో ముద్ద కలుపు" అనేది. మార్కెట్లో పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు ఉంటే రైతులు గేటుకు తాళం వేస్తారు. ఇళ్లలో ఆ సౌకర్యం లేదు.

ఒక మధ్యాహ్నం అనపకాయలు చవగ్గా దొరికితే సంచి నింపుకుని, ముందు చెప్పకుండా ఆటో ఎక్కి సుబేదారి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి పోయాను. మా బిడ్డ వంటింట్లో ఫ్రిజ్జుకూ గ్యాస్ సిలిండరుకూ మధ్య నేల మీద కూర్చుని తింటోంది. చుట్టూ పిల్లవాడి బిస్కెట్లు, కారప్పూస డబ్బా, ఒళ్లో పొద్దుటి చల్లన్నం, అందులో చక్కెర. నోరు నములుతూనే ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. రుచి చూస్తున్న మనిషిలా లేదు.

"బాపూ, చూడకు" అంది.

"ఆకలైతాందా బిడ్డా?"

"ఆకలి కాదు. పొద్దుగాల నుంచి కడుపు మాడ్చుకున్న. నిన్న తిన్నదానికి అది శిక్ష. గిప్పుడేమో చెయ్యి ఆగుతలేదు. ఆపుదామనే అనుకుంటాన్న, ఆగుతలేదు."

లైబ్రరీలో ఇది నేను చదవలేదు. సంచి పక్కన పెట్టి నేనూ నేల మీద కూలబడ్డాను. కూర్చోవడం వరకు బాగానే అయింది. కాసేపటికి లేవబోతే మోకాళ్లు మొరాయించాయి. సిలిండరు పట్టుకున్నాను, అది నాతో పాటే ఒరిగింది.

"లేవనీకొస్తలేదు బిడ్డా."

మా బిడ్డ నోటి నిండా అన్నంతో నవ్వింది. పొలమారింది. లేచి నన్ను చంకల కింద చేతులేసి లేపింది. ఇద్దరం నిలబడేసరికి సంచి కాలికి తగిలి అనపకాయలు వంటిల్లంతా పరుచుకున్నాయి. అవి ఏరి, కుర్చీల్లో కూర్చుని వలుస్తూ ఉంటే తనే చెప్పింది. ఎప్పటి నుంచో ఇంతేనట. అందరి ముందు తినకపోవడం, ఒంటరిగా దొరికినప్పుడు దొరికిందల్లా తినడం, తర్వాత ఏడ్వడం, మర్నాడు పస్తు, ఆ పస్తుకు మళ్లీ ఇది. కిందటి ఒడిబియ్యం తర్వాత మరీ ఎక్కువైందట.

పెళ్లయిన ఆడబిడ్డను కొన్నేళ్లకోసారి పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు కొంగులో పోసి, చుట్టాలకు భోజనం పెట్టడం మాకు ఆనవాయితీ. కిందటిసారి బియ్యం పోసేటప్పుడు మా అక్క దోసిలి పట్టుకుని "ఒడేదే బిడ్డా? అంత పొట్టనే ఉన్నది, బియ్యం ఏడ పొయ్యాలె?" అందట. అందరూ నవ్వారట. మా బిడ్డ కూడా నవ్విందట. నవ్వి, ఈరోజు ఉపాసమున్నానని బంతిలో కూర్చోకుండా, అందరూ కునుకు తీస్తున్నప్పుడు సామాన్ల గదిలోకి పోయి పోలెల గంప ముందు కూర్చుందట. ఆ మాట అన్నప్పుడు నేను డేరా కింద వంటవాడితో ఉప్పు గురించి పంచాయితీ పెట్టుకుని ఉన్నాను. నా చెవిన పడి ఉంటే ఆనాడే తేలిపోయేది.

అల్లుడికి సంగతి చెబితే, హనుమకొండలోనే మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ ఉందని కనుక్కున్నాడు. మా బిడ్డ కళ్లు తప్ప ఏమీ కనబడకుండా చున్నీ చుట్టుకుని వచ్చింది. తీరా చూస్తే అక్కడ కూర్చున్న ఆడవాళ్లందరూ అలాగే ఉన్నారు. మగవాళ్లు మాస్కులు. పంటి నొప్పికి రొమ్ము విరుచుకుని పోతాం, మనసు నొప్పికి బందిపోట్ల మీటింగుకొచ్చినట్టు వస్తాం. మా వీధివాణ్ణి ఒకణ్ణి చెప్పుల్ని బట్టి గుర్తుపట్టాను. పాపం, మర్యాదగా గోడ వైపు తిరిగాను.

డాక్టరమ్మ నిదానంగా మాట్లాడింది. "ఇది తిండిపోతుతనం కాదండీ, జబ్బు. పస్తులుంటే ఇంకా పెరుగుతుంది. వేళకు తినాలి, పస్తు ఉండొద్దు, వీలైనంత వరకు నలుగురితో కూర్చుని తినాలి. ఇంట్లో ఎవరూ తిండి గురించి, ఒళ్లు గురించి వ్యాఖ్యానం చెయ్యొద్దు. బరువు సంగతి నేను చూసుకుంటాను, ఇంట్లో రోజూ తూచుకోవడం బంద్."

"జిందగంత కాంటా పట్టినోన్నమ్మా నేను" అన్నాను.

"అయితే ఆ కాంటాకు కూడా పెన్షన్ ఇచ్చేయండి పెద్దాయనా."

ఆ మాట నాకు నచ్చింది. ఆ సాయంత్రమే అల్లుడు స్టూలెక్కి ఇంట్లోని బరువు మిషన్‌ను అటక మీద పెట్టాడు.

నెమ్మదిగా చెడ్డ మధ్యాహ్నాలు తగ్గాయి. అంతలో మా ఇంటావిడ ఒడిబియ్యం మాట ఎత్తింది. పోయాల్సిన ఏడు దాటిపోతోందట, బిడ్డకు మంచిది కాదట. ఆ సంగతే ఫోన్లో మా బిడ్డకు చెప్పింది. బిడ్డ ఫోన్ నాకిమ్మని అడిగింది.

"బాపూ, నీకు అన్నిటికంటె భయమయ్యే బంతి ఏదని డాక్టరమ్మ అడిగింది. ఇదే అన్న. పీట మీద కూసుంట, అందరి నడుమ తింట. ఒక్కసారి చూస్త. అది గూడ కాకుంటె ఇగ నాతోని కాదు. ఫంక్షన్లకు రాను, దవాఖానకు గూడ రాను."

ఇగ రాను అనే మాట నన్ను పట్టుకుంది. ఆ బంతి ఎలాగైనా సవ్యంగా జరగాలి. మా ఇంటావిడ గడపగడపకూ పోయి బొట్టు పెట్టి పిలిచేటప్పుడు నేనూ ఆటో ఎక్కాను. ఆమె బొట్టు పెట్టడం పూర్తి కాగానే నేను మొదలుపెట్టేవాణ్ణి.

"చూడుండ్రి. బిడ్డ వస్తది. దాని ఒళ్లు గురించి ఒక్క మాట గూడ అనొద్దు. దొడ్డు అనొద్దు, సన్నం అనొద్దు. తిన్నవా అనొద్దు, తింటలేవేందని అనొద్దు. ఆగలేమనుకునేటోళ్లు ఇంట్లనే ఉండుండ్రి, అన్నం పంపిస్త."

"అయ్యో, బిడ్డకేమైందే?"

"ఏం గాలె!"

"ఏం గాకపోతె గింత గట్టిగ ఎందుకు చెప్తానవ్?"

మా ఆటో నర్సంపేట రోడ్డెక్కే లోపల కబురు నర్సంపేట చేరిపోయింది. ఒక ఇంట్లో అది షుగర్ అయింది. ఇంకో ఇంట్లో పొట్ట ఆపరేషన్ అయింది. బామ్మర్ది మా అల్లుడికి ఫోన్ చేసి "ధైర్యంగ ఉండు అల్లుడా, మేమంత లేమా?" అన్నాడట. రెండు కుటుంబాలవాళ్లు ఏకంగా సుబేదారికి పోయి రోగిని చూసినట్టు చూసి, బ్రెడ్డూ బత్తాయిలూ పెట్టి వచ్చారు.

మా బిడ్డ ఫోన్ చేసింది. "బత్తాయిలు తియ్యగున్నయి బాపూ. ఇంతకు నాకేం రోగమట?"

"నేను మంచికే చెప్పిన బిడ్డా..."

"డప్పు కొట్టించినా గింత తొందరగ ఊరంత తెల్వకపోవు. ఇగ నేను రాను" అని పెట్టేసింది.

మా ఇంటావిడ నాతో మాట్లాడటం మానేసింది. నేను లైబ్రరీకి పోయి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు మళ్లీ ఫోన్ వచ్చింది.

"వస్త. ఎట్లయిన అందరికి ఎర్కనే అయ్యింది. ఇగ దాసుకునే పని తప్పింది. కాని ఒక్క షరతు. ఆ రోజు నువ్వు నోరు తెర్వొద్దు."

ఒప్పుకున్నాను. నాకు మౌనం ఎంత కష్టమో మీకిప్పటికే అర్థమై ఉంటుంది.

ఒడిబియ్యం నాడు చుట్టాలందరూ నా చట్టానికి కట్టుబడి వచ్చారు. వచ్చాక తెలిసిందేమిటంటే, వాళ్లకు వేరే పలకరింపు రాదు. మా బిడ్డ ఎదురుపోయి "బాగున్నరా?" అనగానే నోరు తెరుస్తారు. ఏదో గుర్తొస్తుంది, మూస్తారు. కళ్లు పైకి తిప్పుతారు. "ఫ్యాన్ మంచిగ తిరుగుతాందే" అంది ఒకావిడ. వెనక వచ్చినాయన కూడా ఫ్యాను చూసి "అవు, మంచిగ తిరుగుతాంది" అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లకు ఫ్యాను అయిపోవడంతో నేల మీది బండలు మెచ్చుకున్నారు. మా ఇంట్లో పాత షాబాదు బండలు అంత గౌరవం ఎన్నడూ చూడలేదు.

మా అక్క మరీ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. బియ్యం పోసే వేళ వచ్చింది. మా బిడ్డ కొత్త ఆకుపచ్చ చీర కట్టుకుని పీట మీద కూర్చుని కొంగు పట్టింది. మా అక్క దోసిలి నింపుకుని వంగింది. "నేనేం అంటలేను" అంది మా అక్క. బియ్యం పోసింది. మళ్లీ దోసిలి నింపుకుని "నేనసలు ఏమన్న అన్ననా?" అంది.

మా బిడ్డ తలెత్తింది. "అను అత్తా. లోపట పెట్టుకుంటె గ్యాస్ అయితది నీకు."

"ఏం లేదే బిడ్డా. చీర బాగున్నదని అందామనుకున్న. మీ బాపు అది గూడ అనొద్దన్నడేమో అని భయమైతాంది."

"చీర అనొచ్చు అత్తా."

"బాగున్నదే నా తల్లీ" అని మా అక్క ఒక్కసారిగా ఏడ్చేసింది. కిందటిసారి అన్న మాట ఆమెకూ గుర్తే ఉందని ఆ ఏడుపులో తెలిసింది. మా వంశంలో జ్ఞాపకం నా ఒక్కడి సొత్తు కాదు.

బంతి వేశారు. హాల్లో రెండు వరసలు. మా బిడ్డ నడిమధ్యలో, మా అక్క పక్కన కూర్చుంది. పప్పుచారు పోశారు, కలిపింది. ఒక ముద్ద తిన్నది. ఇంకోటి. నేను గుమ్మం దగ్గర నిలబడి చెమటలు తుడుచుకుంటూ మరో వైపు చూస్తున్నట్టు నటిస్తున్నాను. మా ఇంటావిడ గరిటె పట్టుకుని వరస చివరి నుంచి వస్తూ, బిడ్డ దగ్గరికి రాగానే గరిటెను వీపు వెనక దాచుకుని దాటిపోయింది. ఆమె పెళ్లయినప్పటి నుంచి అలాంటి త్యాగం చెయ్యలేదు.

అప్పుడు మా బామ్మర్ది పక్కవాడితో, కానీ హాలంతా వినపడేట్టు, అన్నాడు. "నేనైతె అన్నం బంద్ జేసిన. కొర్రలే. బరువు దిగి ఒళ్లు ఎంత అలకగైందో! మనిషికి నోరు కట్టుకునుడు రావాలె గద?"

చట్టప్రకారం తప్పు లేదు. తన ఒళ్లు గురించే మాట్లాడాడు. కానీ మా బిడ్డ చెయ్యి ముద్దతో సహా ఆకు మీదే ఆగిపోయింది. ఆగి, అలాగే ఉండిపోయింది.

నా మౌనం అక్కడితో ముగిసింది.

"నువ్వు నోరు కట్టుకునుడు గురించి చెప్తానవా? బక్కెట్టు పోలెలు తిని ట్రాలీల పన్నది ఎవడు? నలుగురం మోసినం నిన్ను! నా నడుము ఆనాడు పట్టేసింది, ఇయ్యాల్టికి వానొస్తె నొస్తది! నీకేమో తువ్వాల కప్పిండ్లు, అదే ఆడిపిల్లయితె..."

"బావా, గది ఎప్పటి ముచ్చట!"

"నాకు నిన్నటి ముచ్చటే! ఆనాడు పక్కకు కూసున్న పిల్ల రొండోసారి అన్నమడిగితె నువ్వేమన్నవో గూడ చెప్పాల్నా?"

"బాపూ!"

మా బిడ్డ గొంతు.

"జర కూసోరాదే బాపూ. నీ ముచ్చట్లల్ల నా అన్నం సల్లారుతాంది."

కూర్చున్నాను. ఎక్కడ కూర్చున్నానో చూసుకోలేదు, చెప్పుల మీద. మా బిడ్డ ఆ ముద్ద తిన్నది. నిదానంగా, నమిలి. ఆకులో ఉన్న పోలె కూడా తిన్నది. తర్వాత అందరికీ వినపడేట్టు అంది.

"అమ్మా, ఇంకో పోలె వెయ్యి. నెయ్యి గూడ."

సామాన్ల గదిలో గంప ముందు కూర్చున్న పిల్ల అడిగిన మాట అది. ఎవరూ కదల్లేదు. మా ఇంటావిడ చేతిలో పోలె పట్టుకుని, వెయ్యాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది. ఆమెతో పాటు హాలంతా నా వైపే చూసింది. నేనూ కళ్లు పైకి తిప్పాను.

"ఫ్యాన్ మంచిగ తిరుగుతాంది" అన్నాను.

"బాపూ, కరెంటు పోయి గంటైతాంది" అంది మా బిడ్డ.

ముందు మా అక్క నవ్వింది. తర్వాత అందరూ. బామ్మర్ది పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. ఆ నవ్వులోనే ఆకులో పోలె పడింది, దాని మీద నెయ్యి పడింది. మా బిడ్డ దాన్ని సగం పైన తిని, కడుపు నిండిందని మిగిలింది పక్కకు పెట్టింది. ఆకు మడిచి లేస్తూ నా దగ్గర ఆగింది.

"మంగళవారం డాక్టరమ్మ దగ్గరికి పోవాలె. ఆటో చెప్పి పెట్టు."

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేను సామాన్ల గది వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. తలుపు బార్లా తెరిచి ఉంది. మా బిడ్డ అరుగు మీద మా అక్క ఒళ్లో కాళ్లు పెట్టుకుని గురక పెడుతోంది.

జబ్బు పూర్తిగా పోలేదు. అలా పోయేదైతే డాక్టరమ్మ అన్నేళ్లు చదివేది కాదు. ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు ఫోన్ వస్తుంది. "బాపూ, వంటింట్ల ఉన్న" అంటుంది. నేను మిర్చి రేటు దగ్గర మొదలుపెట్టి మా వీధి పంచాయితీల దాకా నడిపిస్తాను. ఒక్కోసారి గండం దాటుతుంది. ఒక్కోసారి "ఇయ్యాల ఆగలె బాపూ" అంటుంది. "పోనీ తియ్యి. రాత్రికి అన్నం మాత్రం మానకు" అంటాను. అది కూడా డాక్టరమ్మ చెప్పిందే. మిషన్ ఇంకా అటక మీదే ఉంది.

చుట్టాలు మళ్లీ మామూలైపోయారు. మొన్న ఒకడు గుమ్మంలోంచే నన్ను "ఏంది, గిట్ల ఎండిపోయినవ్?" అన్నాడు. లైసెన్సు చూపించమన్నాను. మా అక్క ఒక్కతే మారింది. మా బిడ్డ కనబడితే చాలు, మొదటి మాట అదే. పోయిన ఆదివారం మా బిడ్డ తల కొబ్బరి నూనె పెట్టించుకుంటూ నైటీలో కూర్చుని ఉంటే, మా అక్క చెప్పులు విడుస్తూనే అంది, "చీర బాగున్నదే బిడ్డా."